జీతానికుండటం కంటే నయం: ‘ది మిస్‌ఫిట్స్’లో గుర్రాల వేట, ప్రేమ లెక్క

ఒక మగగుర్రం, నాలుగు ఆడగుర్రాలు, తల్లి పక్కనుంచి కదలని ఒక పిల్ల. ‘ది మిస్‌ఫిట్స్’ సినిమా చివరి మూడోవంతు ఈ ఆరు ప్రాణాల చుట్టూనే తిరుగుతుంది. పట్టేవాళ్ళు ముగ్గురు. పట్టాక అమ్మేది కుక్కల తిండి తయారీకి గుర్రాలు కొనే వ్యాపారికి, పౌను 6 సెంట్ల చొప్పున. నెవాడా కొండల్లో తిరిగే మస్టాంగ్ అనే అడవి గుర్రం మామూలుగా 700 నుంచి 800 పౌన్లు తూగుతుంది, అంటే 320 నుంచి 360 కిలోలు. ఆ లెక్కన ఒక్కోదానికి వచ్చేది 42 నుంచి 48 డాలర్లు. పిల్లను కలుపుకున్నా మంద మొత్తానికి 250 డాలర్లు దాటడం కష్టం. అందులోంచి విమానం ఖర్చు, ట్రక్కు పెట్రోలు తీసేసి, మిగిలింది ముగ్గురూ పంచుకోవాలి.  ఈ లెక్క మనసులో పెట్టుకుని చూస్తే, అందులో ప్రేమ కథ కూడా వేరేగా కనిపిస్తుంది.

1961 ఫిబ్రవరి 1న విడుదలైన ఈ నలుపు తెలుపు చిత్రానికి దర్శకుడు జాన్ హ్యూస్టన్, రచయిత ఆర్థర్ మిల్లర్. క్లార్క్ గేబుల్ (గే), మార్లిన్ మన్రో (రోజ్లిన్), మాంట్‌గొమరీ క్లిఫ్ట్ (పెర్స్), ఈలై వాలక్ (గ్వీడో), థెల్మా రిటర్ (ఇసబెల్) ముఖ్యపాత్రలు. గేబుల్‌కీ మన్రోకీ పూర్తిచేసిన ఆఖరి సినిమా ఇదే. చిత్రీకరణ 1960 నవంబర్ 4న ముగిస్తే, అదే నెల 16న 59 ఏళ్ళ వయసులో గేబుల్ గుండెజబ్బుతో చనిపోయారు. 1962 ఆగస్టులో మన్రో, 1966లో క్లిఫ్ట్ పోయారు. దాంతో ఈ సినిమా మాటెత్తితే చావుల ప్రస్తావనతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం అందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటు సినిమాకు అన్యాయమే చేసింది. ఇది బతుకుతెరువు గురించిన సినిమా. చేతిలో ఉన్న పనికి కాలం చెల్లిపోయాక మనిషి ఆ పనిని ఎందుకు వదల్లేడో, ఆ పట్టుదల అతని ప్రేమను ఎక్కడ కోస్తుందో ఇంత దగ్గరగా చూపించిన హాలీవుడ్ చిత్రాలు తక్కువ.

కౌబాయ్ అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణ: టోపీ, బెల్టుకు తుపాకీ, గుర్రం మీద దూకుడు. ఆ బొమ్మ ఇటలీవాళ్ళు తీసిన వెస్టర్న్‌ల మీదుగా మనదాకా వచ్చింది. ‘ది మిస్‌ఫిట్స్’లో తుపాకీ పోరాటం లేదు. తుపాకీ కనిపించేదే రెండు చోట్ల: తోటలో ఆకుకూర తినేస్తున్న కుందేలును కొడతానని గే బయల్దేరినప్పుడు ఒకసారి, గుర్రాలను బెదరగొట్టడానికి విమానంలోంచి కాల్చినప్పుడు ఇంకోసారి. అమెరికాలో కౌబాయ్ అంటే అసలు పశువుల కాపరి. 1870, 80ల్లో టెక్సస్ నుంచి ఉత్తరాదికి మందల్ని తోలుకెళ్ళిన కాపరులకు నెలకు 25 నుంచి 40 డాలర్ల దాకా ముట్టేది. అంటే ఒక ఆసామి దగ్గర జీతానికున్న మనిషే. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే పాలేరు. ముళ్ళకంచె, రైలు వచ్చి ఆ పనిని మింగేశాక, కాపరి పోయి అతని టోపీ, బూట్లు, గర్వం మాత్రం మిగిలాయి. సినిమాలోని మనుషులు తగిలించుకున్నది ఆ మిగిలినదాన్నే.

వాళ్ళ నోట పదేపదే వచ్చే మాట ఒకటుంది. ఏ పనైనా సరే, ఒకరి దగ్గర జీతానికుండటం కంటే నయమే అంటారు. గే లాంగ్‌లాండ్ దాన్ని జెండాలా పట్టుకు తిరుగుతాడు. అతన్ని మనం మొదటిసారి చూసేది నెవాడాలోని రీనో ఊరి రైల్వే స్టేషన్లో. విడాకులు తీసుకుని తిరిగి వెళ్తున్న ఒక ధనికురాలిని రైలెక్కిస్తుంటాడు. సెయింట్ లూయిస్‌లో రెండో అతిపెద్ద లాండ్రీ ఆమెది. వచ్చి చూసుకోమంటుంది. అతను నవ్వి తప్పించుకుంటాడు. కూర్చుని తినే అవకాశాన్ని కాదన్న మనిషి అన్న ముద్ర అక్కడే పడుతుంది. పెర్స్ హౌలండ్‌ది అదే గాయానికి ఇంకో వైపు. తండ్రి చనిపోయాక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. సవతి తండ్రి ఆ కుర్రాడికి అతని తండ్రి రాంచ్‌లోనే, అంటే పశువుల్ని పెంచే క్షేత్రంలోనే, జీతం ఇస్తానన్నాడు. వారసుడు పాలేరు కావడం అతను భరించలేకపోయాడు. ఊరూరా తిరిగి రోడియోల్లో, అంటే ఎగిరే గుర్రాల మీద, ఎద్దుల మీద నిలిచే పోటీల్లో, ఎముకలు విరగ్గొట్టుకుంటున్నది అందుకే. బార్ వెనక పెరట్లో రోజ్లిన్ ఒళ్ళో తల పెట్టుకుని పెర్స్ ఈ సంగతి చెప్పే సన్నివేశం సినిమాలోకెల్లా మెత్తనిది. గ్వీడో ఒక్కడికే జీతం ఉంది, గారేజీలో మెకానిక్‌గా. యుద్ధంలో బాంబర్ విమానం నడిపినవాడు. రోజ్లిన్‌ను చూసిన రోజునే ఆ ఉద్యోగం వదిలేస్తాడు.

రోజ్లిన్ ఈ ముగ్గురి మధ్యకు రావడానికి కారణం నెవాడా చట్టం. 1931లో ఆ రాష్ట్రం రెండు పనులు చేసింది: జూదాన్ని చట్టబద్ధం చేసింది, విడాకుల కోసం అక్కడ ఉండాల్సిన గడువును ఆరు వారాలకు కుదించింది. మిగతా రాష్ట్రాల్లో ఏళ్ళు పట్టే వ్యవహారం రీనోలో నెలన్నరలో తేలిపోయేది. దీని చుట్టూ ఒక వ్యాపారమే లేచింది. అద్దె గదులు, అతిథుల రాంచ్‌లు, వకీళ్ళు, రోజూ ఈమె ఇక్కడే ఉందని కోర్టులో చెప్పడానికి ఇంటి యజమానురాళ్ళు. థెల్మా రిటర్ వేసిన ఇసబెల్ పాత్ర అదే పని చేస్తుంది. రోజ్లిన్‌తో కలిపి తాను విడాకులకు సాక్ష్యం చెప్పడం 77వ సారి అంటుంది. కోర్టుకు వెళ్ళేముందు అద్దం దగ్గర నిలబడి రోజ్లిన్ వకీలు రాసిచ్చిన జవాబుల్ని వల్లెవేస్తుంటుంది. భర్త క్రూరంగా ప్రవర్తించాడని చెప్పాలి. ఆ మాటలు ఆమెకు నోరు తిరగవు, ఎందుకంటే జరిగింది అది కాదు. ఎదురుగా ఉన్నా మనిషి లేనట్టే ఉండేవాడన్నదే ఆమె బాధ. కానీ తప్పెవరిదో చూపించందే విడాకులివ్వని ఆ కాలంలో, లేకుండా ఉండటం అనే నేరం చట్టంలో లేదు. తప్పు చూపించనక్కర్లేని విడాకులు కాలిఫోర్నియాలో 1970 నుంచి అమల్లోకి వచ్చాయి. రీనో వ్యాపారానికి అప్పుడు దెబ్బ తగిలింది. 1960లో కెమెరా పట్టుకున్న రీనో కూడా చివరి దశలో ఉన్న వృత్తే, మస్టాంగ్ వేటలాగే.

మిల్లర్‌కు ఈ రెండూ ఒకేచోట తారసపడ్డాయి. 1956లో మొదటి భార్య నుంచి విడాకుల కోసం ఆయన నెవాడాలో ఆరు వారాలు గడిపారు. రీనోకు ఉత్తరాన ఉన్న పిరమిడ్ సరస్సు దగ్గర బస. అక్కడ పరిచయమైన గుర్రాల వేటగాళ్ళ వెంట వెళ్ళి చూసి, తర్వాత ఒక కథ రాశారు. 1957 అక్టోబర్‌లో ‘ఎస్క్వైర్’ పత్రికలో అచ్చయింది. ఆ కథలో వేట దగ్గర రోజ్లిన్ ఉండదు. మగవాళ్ళ మాటల్లో మాత్రమే వస్తుంది. ముగ్గురూ గుర్రాల్ని పట్టి, కట్టి, వెళ్ళిపోతారు. తర్వాత భార్య మన్రో కోసం దాన్ని సినిమాగా మార్చినప్పుడు మిల్లర్ చేసిన పెద్ద మార్పు ఇదే: పని జరిగేచోట ఆమెను నిలబెట్టారు. కథలో లేని ఘర్షణ అంతా ఆ ఒక్క మార్పులోంచి పుట్టింది.

వేటకు ముందు రోడియో వస్తుంది. ఇందులో జీతం ఉండదు. పోటీకి దిగేవాడే ఎదురు ప్రవేశ రుసుము కట్టాలి. గెలిస్తే బహుమతి, పడితే కట్టుడు గుడ్డలు. పెర్స్ దగ్గర ఆ రుసుముకు కూడా డబ్బుండదు. గుర్రం ఎందుకలా ఎగిరెగిరి పడుతుందో రోజ్లిన్‌కు తెలిసే క్షణం చిన్నదే కానీ కీలకం. పొత్తికడుపు దగ్గర, వెనకకాళ్ళ ముందు, ఒక పట్టీ బిగిస్తారు. ఆ ఒత్తిడిని వదిలించుకోవాలని గుర్రం వెనకకాళ్ళు విసురుతుంది. చూసేవాళ్ళకు అది పొగరు, గుర్రానికి ఇబ్బంది. పెర్స్ ముందు గుర్రం మీంచి పడి తలకు దెబ్బ తగిలించుకుంటాడు, ఆ కట్టుతోనే ఎద్దు మీదెక్కి మళ్ళీ పడతాడు. జనం కేరింతలు కొడుతుంటే ఆమె ఒక్కతే ఏడుస్తుంది. ఇక్కడ పట్టీ చూసిన కళ్ళతోనే తర్వాత తాడును చూస్తుంది. హ్యూస్టన్ రోడియోను ముందుపెట్టడంలోని ఉపాయం అదే.

ఇక వేట. దీనికి కావాల్సిన మొదటి సరంజామా నేల. నెవాడా చాలావరకు గ్రేట్ బేసిన్ అనే ఎడారి పల్లంలో ఉంది, అక్కడి నదులు సముద్రానికి చేరవు. కొండల మంచు కరిగి పల్లంలో నిలిచిన నీరు ఎండిపోయి, ఉప్పు, ఒండ్రు కలిసిన చౌడు మిగులుతుంది. ఎండినప్పుడు అది ఇంటి గచ్చులా గట్టిగా, మైళ్ళకొద్దీ చదునుగా ఉంటుంది. చెట్టూ లేదు, గుట్టా లేదు, దాక్కోవడానికి ఒక వాగు కూడా లేదు. తడిసిందంటే అదే నేల ట్రక్కు చక్రాల్ని లాగేసుకుంటుంది. కాబట్టి పని ఎండలు కాసే నెలల్లోనే. సినిమా తీసింది డేటన్, స్టేజ్‌కోచ్ ఊళ్ళ దగ్గరున్న అలాంటి చౌడులో. అప్పటినుంచి ఆ చోటుకు మిస్‌ఫిట్స్ ఫ్లాట్ అనే పేరు నిలిచిపోయింది.

రెండో సరంజామా విమానం. మస్టాంగ్ మంద నీళ్ళు, గడ్డి ఉన్న లోయల్లో ఉంటుంది. గుర్రాల మీద వెళ్ళి వాటిని దింపాలంటే మనుషులు వంతులవారీగా తరమాలి, లోయ మూతి దగ్గర దొడ్డి కట్టాలి, రోజులు పడుతుంది. విమానం అదే పనిని ఒక పూటలో తేలుస్తుంది. గ్వీడో తన పాత రెండు రెక్కల విమానాన్ని కనుమలోకి దించి, తుపాకీ పేల్చి, మంద వెనక నుంచి వచ్చి బెదరగొడతాడు. ఇందులో ప్రమాదం గాలి. తక్కువ ఎత్తున, రెండు కొండల మధ్య ఎగురుతున్నప్పుడు గాలి పైనుంచి కిందికి కొడితే లేపుకోవడానికి జాగా ఉండదు. గాలి లేచేలోపు పొద్దున్నే పని ముగించాలి. బాంబర్ నడిపినవాడికి ఆ పని ఇవ్వడం మిల్లర్ బాగా ఆలోచించి చేసిన పని. పైనుంచి చూస్తే కిందున్నది ప్రాణంలా కనిపించదని గ్వీడోకు ముందే అలవాటు.

మంద చౌడు మధ్యకు వచ్చాక విమానం దిగుతుంది, ట్రక్కు కదులుతుంది. గ్వీడో నడుపుతుంటే గే, పెర్స్ వెనక తొట్టిలో చెరోపక్క నిలబడతారు. ఇద్దరి చేతుల్లో ఉచ్చుతాళ్ళు. తాడు రెండో కొస ట్రక్కుకు కట్టి ఉండదు, తొట్టిలో పడేసిన పాత లారీ టైరుకు కట్టి ఉంటుంది. ఈ వృత్తి నైపుణ్యమంతా ఆ టైరులోనే ఉంది. తాడు ట్రక్కుకే కట్టేస్తే ఉచ్చు బిగుసుకున్న క్షణంలో కుదుపుకు తాడన్నా తెగుతుంది, మెడన్నా విరుగుతుంది. పైగా ఒక్క గుర్రానికే ట్రక్కు కట్టుబడిపోతుంది. టైరైతే తొట్టిలోంచి ఎగిరి నేలమీద పడి గుర్రం వెనక ఈడ్చుకుంటూ పోతుంది. గుర్రం కొంతదూరం లాగి, ఆగి, మళ్ళీ లాగి, క్రమంగా అలిసిపోతుంది. ఈలోపు ట్రక్కు రెండోదాని వెంట పడొచ్చు. ఉచ్చు వేసేవాడికి ఉన్న సమయం కొన్ని క్షణాలే. ట్రక్కు గుర్రానికి సరిగ్గా పక్కకు రావాలి, అది చెవులు వెనక్కి వేసి పక్కకు తిరిగేలోపు తాడు పడాలి. తప్పితే తాడు లాక్కుని చుట్టుకుని మళ్ళీ మొదటినుంచీ తరమాలి.

పిల్లను పట్టాల్సిన పనిలేదు. తల్లిని కడితే అది అక్కడే ఉంటుంది. ఈ ఒక్క విషయాన్ని సినిమా ఏ వ్యాఖ్యానమూ లేకుండా చూపిస్తుంది. కట్టేసిన తల్లి, పక్కన స్వేచ్ఛగా ఉండీ కదలని పిల్ల.

అలిసిన గుర్రాన్ని పడగొట్టి కాళ్ళు కట్టడం ఆఖరి అంచె. ఒకడు మెడతాడు బిగించి పట్టుకుంటే ఇంకొకడు ముందుకాళ్ళకు తాడు వేసి లాగుతాడు. డెక్కల దెబ్బ తగిలేది ఇక్కడే. కట్టినవాటిని రాత్రంతా అక్కడే వదిలేస్తారు. మర్నాడు వ్యాపారి లారీ వచ్చి ఎక్కించుకుంటుంది. అప్పటిదాకా ప్రాణంతో ఉండాలి, ఎందుకంటే చంపితే ఆ ఎండలో మాంసం నిలవదు. దయ చూపినట్టు కనిపించే టైరు వెనకున్న లెక్క కూడా ఇదే.

గే తన వాదన చెప్పుకుంటాడు. తను మొదట్నుంచీ చేస్తున్నది ఇదే పని. ఒకప్పుడు కొండల్లో గుర్రాలు వందలుగా ఉండేవి, పట్టినవాటిని సవారీకి మచ్చిక చేసేవాళ్ళు, పిల్లలకు ఇచ్చేవాళ్ళు. పని మారలేదు, ఆ గుర్రం చివరికి చేరే చోటు మారింది. ఈ వాదనలో నిజం ఉంది. సినిమా దాన్ని కొట్టిపారేయకపోవడం దాని గొప్పతనం. యాంత్రిక సేద్యం వచ్చి పని గుర్రానికి గిరాకీ పోయాక, మాంసం డబ్బాలకెక్కాక, మిగిలిన కొనుగోలుదారు కుక్కల తిండి వ్యాపారి ఒక్కడే.

అయితే సినిమాలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. వాళ్ళు చేస్తున్నది అప్పటికే నేరం. రీనోలో సెక్రటరీగా పనిచేసిన వెల్మా జాన్‌స్టన్ 1950లో రోడ్డుమీద వెళ్తూ ఒక లారీలోంచి నెత్తురు కారడం చూశారు. లోపల కబేళాకు వెళ్తున్న మస్టాంగ్‌లు. అప్పటినుంచి ఆమె ఊరూరా సంతకాలు, బడిపిల్లల ఉత్తరాలతో నడిపిన ఉద్యమానికి ఫలితంగా ముందు కౌంటీ స్థాయిలో, తర్వాత నెవాడా రాష్ట్రంలో, చివరికి 1959 సెప్టెంబర్ 8న దేశమంతటికీ చట్టం వచ్చింది. ప్రభుత్వ భూముల్లో అడవి గుర్రాల్ని విమానంతోగానీ మోటారు వాహనంతోగానీ వేటాడితే 500 డాలర్ల దాకా జరిమానా, ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. ఎగతాళిగా పెట్టిన ‘వైల్డ్ హార్స్ యానీ’ అనే పేరునే ఆమె గౌరవంగా తీసుకున్నారు, చట్టానికీ ఆ పేరే స్థిరపడింది. సినిమా చిత్రీకరణ మొదలైంది 1960 జులైలో. మిల్లర్ చూసిన వేట 1956 నాటిది కాబట్టి కథ ఆ కాలంలోనే ఆగిపోయింది. ఇది తెలిసి చూస్తే, 250 డాలర్ల కోసం విమానం లేపుతున్న ఆ ముగ్గురు ఇంకా ఒంటరిగా కనిపిస్తారు.

ఆ చట్టం వేట పద్ధతిని ఆపిందే తప్ప గుర్రానికి రక్షణ ఇవ్వలేదు. అది 1971 డిసెంబర్‌లో వచ్చిన రెండో చట్టంతో జరిగింది. అప్పటినుంచి ప్రభుత్వ భూముల్లోని గుర్రాలు ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చాయి. మందలు పెరిగినప్పుడు పట్టి తరలించే పని ఇప్పుడు ప్రభుత్వ సంస్థదే. 1976లో వచ్చిన సవరణతో ఆ సంస్థకు మాత్రం హెలికాప్టర్ వాడే అనుమతి దొరికింది. పైనుంచి తరిమి, గోనె కట్టిన కంచెల మధ్యకు నడిపించి, మచ్చికైన ఒక గుర్రాన్ని ముందు వదిలితే మంద దాని వెంట దొడ్డిలోకి పోతుంది. దానిమీద వాదోపవాదాలు నేటికీ ఆగలేదు.

ప్రేమ కథ తేలేది ఈ పని అంచెల మధ్యే. రోజ్లిన్‌కు మొదటి అనుమానం కుక్క వల్ల కలుగుతుంది. ముందు రాత్రి మకాంలో గే కుక్క వణుకుతుంటుంది. ఈ చోటు, ఈ వేట దానికి తెలుసు. గుర్రాలు ఎటు పోతాయో అడిగి తెలుసుకున్నాక ఆమె ఏడవదు, బేరం పెడుతుంది. 200 డాలర్లిస్తాను, వదిలేయమంటుంది. పైన వేసిన లెక్కతో పోలిస్తే ఆమె ఇస్తానన్నది మార్కెట్ ధరకు దగ్గరలోనే ఉంది. సరిగ్గా అందుకే అది గేకు తగులుతుంది. తను అమ్మేది వ్యాపారులకేనని, వాళ్ళు కొనేది గుర్రాన్ని మాత్రమేనని అతనంటాడు. గుర్రంతోపాటు తననూ కొంటోందని అతని భావం. సెయింట్ లూయిస్ లాండ్రీని కాదన్నవాడికి, అదే లాండ్రీ తను ప్రేమించిన మనిషి చేతుల్లోంచి ఎదురైంది.

గ్వీడో పద్ధతి వేరు. తనతో వస్తే ఆపేస్తానని చాటుగా ఆశ చూపిస్తాడు. జాలిగుండె ఉన్నవాడిలా అందరికంటే ఎక్కువ మాట్లాడేది అతనే, కానీ ఒక్క మంచిపనీ ఊరికే చెయ్యడు. లోకాన్ని కాల్చేసినా తనమీద తనకు జాలి తప్ప ఇంకేమీ కలగని మనిషివని రోజ్లిన్ అతన్ని తిట్టే ఘట్టం కథలో అన్నిటికంటే సూటి తీర్పు. వాలక్ నటన దీన్ని మోస్తుంది. మొదటి గంటలో గ్వీడోను ఇష్టపడ్డ ప్రేక్షకుడు తన ఇష్టానికి తనే సిగ్గుపడతాడు.

పెర్స్ ఏమీ అడగడు. ట్రక్కెక్కి వెళ్ళి ఒక్కొక్క తాడూ కోసేస్తాడు. గే దానికి సంతోషించకపోగా, మగగుర్రం వెంట కాళ్ళతో పరిగెత్తి, తాడు పట్టుకుని, చౌడుమీద ఈడ్చుకుపోయి, చివరికి ఒంటిచేత్తో దాన్ని లొంగదీస్తాడు. ఊపిరందాక, కత్తి తీసి తనే కోస్తాడు. తన బదులు ఇంకొకరు నిర్ణయం తీసుకోవడం ఇష్టంలేదన్నది అతని సంజాయిషీ. గుర్రం వెళ్ళిపోవడం ఒకటే, కానీ ఎవరి చేతులమీదుగా వెళ్ళిందన్నది అతనికి ముఖ్యం. జీతానికుండనన్న మనిషి ఆఖరికి దక్కించుకున్న స్వాతంత్ర్యం అంతమాత్రమే. దాన్ని సినిమా చిన్నచూపు చూడదు.

దీనికి ముందొచ్చే షాట్ ఒకటి ఈ సినిమాను గుర్తుంచుకోవడానికి చాలు. మగగుర్రాన్ని కట్టేస్తుంటే రోజ్లిన్ చౌడులోకి దూరంగా పరుగెత్తి, వెనక్కి తిరిగి, హంతకులారా అని అరుస్తుంది. ఆ కాలంలో ఏ దర్శకుడైనా అక్కడ మన్రో ముఖాన్ని తెరనిండా పెట్టేవాడు. హ్యూస్టన్ కెమెరాను మగవాళ్ళ దగ్గరే ఉంచారు. ఆమె తెల్లటి నేలమీద ఒక గీతలా కనిపిస్తుంది, నడుం వంచి అరుస్తుంది, గొంతు ఆ బయలులో పలచబడిపోతుంది. ఆమె అందం ఆ దూరంలో పనికిరాదు. ప్రపంచంలో ఎక్కువమంది చూసిన ముఖాన్ని ఆ క్షణంలో దాచిపెట్టడం వల్లే ఆ కోపం నమ్మేలా ఉంది.

ఛాయాగ్రాహకుడు రస్సెల్ మెటీ, సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్ ఇద్దరూ అంతకుముందే భారీ రంగుల చిత్రం ‘స్పార్టకస్’ ముగించి వచ్చినవాళ్ళు. వెస్టర్న్‌లంటే రంగులు, వెడల్పు తెర అనే రోజుల్లో ఇక్కడ నలుపు తెలుపు ఎంచుకోవడం సరైన నిర్ణయం. రంగుల్లో ఆకాశం, కొండలు అందంగా వచ్చి కన్నును లాగేసేవి. నలుపు తెలుపులో చౌడు కాగితంలా ఖాళీగా, దానిమీద తాడు సిరాగీతలా కనిపిస్తుంది. వేట దృశ్యాల కూర్పులో జార్జ్ టొమసీనీ పనితనం తెలుస్తుంది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చిత్రాలు ఎన్నిటికో ఎడిటర్ ఆయనే. ట్రక్కు ఇంజను, డెక్కలు, టైరు నేలకు తగిలే చప్పుడు, ఈ మూడింటి లయమీదే కోతలు పడతాయి.

హ్యూస్టన్ సన్నివేశాల్ని కథ వరుసలోనే తీశారు. నటులకు మేలు, ఖర్చుకు చేటు. 38 డిగ్రీలు దాటే ఎండల్లో మొదలైన పని నవంబర్ దాకా సాగింది. మన్రో ఆరోగ్యం పాడై ఆగస్టు చివర లాస్ ఏంజెలస్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు షూటింగ్ ఆగిపోయింది. మిల్లర్ మాటలు తిరగరాస్తూనే ఉన్నారు. ఆయనకూ మన్రోకూ మధ్య కాపురం అక్కడే విరిగి, 1961 జనవరిలో విడాకులతో ముగిసింది. నలుపు తెలుపు చిత్రానికి 40 లక్షల డాలర్ల ఖర్చు ఆ రోజుల్లో చాలా ఎక్కువ. వసూళ్ళు ఆశించినట్టు రాలేదు. మాగ్నమ్ సంస్థ ఫొటోగ్రాఫర్లు తొమ్మిదిమంది వంతులవారీగా వచ్చి తీసిన ఛాయాచిత్రాలు సినిమాకంటే ఎక్కువమందికి చేరి ఉంటాయి. వాళ్ళలో ఒకరైన ఇంగె మోరాత్‌ను మిల్లర్ 1962లో పెళ్ళాడారు.

లోపాలు లేకపోలేదు. మిల్లర్ నాటకకర్త. చూపిస్తే చాలిన చోట చెప్పించారు. రోజ్లిన్ ఎలాంటి మనిషో ప్రతి మగవాడూ ఒక వాక్యంలో నిర్వచిస్తుంటాడు, వింటున్నకొద్దీ ఆమె మనిషి కాకుండా ప్రతీక అయిపోతుంది. బార్‌లో బంతి ఆట ఆడే చోట కెమెరా ఆమె నడుము కిందే తచ్చాడుతుంది. ఆమెను అలా చూసే మగవాళ్ళను నిలదీసే సినిమా అక్కడ వాళ్ళ పక్కనే కూర్చుంది. ఇసబెల్ రోడియో దగ్గర మాజీ భర్త వెంట వెళ్ళిపోయాక కథకు మళ్ళీ రాదు. ఆమెతోపాటు నవ్వు పోయింది. ఇంకొక ఆడమనిషి లేక, చౌడులో ముగ్గురు మగవాళ్ళకు ఎదురు రోజ్లిన్ ఒక్కతే మిగిలింది. అది కథకు బలమిచ్చిందని వాదించేవాళ్ళున్నారు. కానీ రిటర్ లాంటి నటిని దారిలో వదిలేయడం నష్టమే.

క్లిఫ్ట్ గురించి ఒక మాట. పెర్స్ మొదటి సన్నివేశం రోడ్డుపక్క ఫోన్ బూత్‌లో. తల్లితో మాట్లాడుతూ, తన ముఖం బాగైపోయిందని, గుర్తుపట్టగలవని నమ్మబలుకుతాడు. 1956లో కారు ప్రమాదంలో క్లిఫ్ట్ ముఖం నిజంగానే చితికింది. ఆ మాటలు పలుకుతున్నప్పుడు ఆయన కళ్ళు బూత్ అద్దంలోంచి బయట ఎదురుచూస్తున్న వాళ్ళమీదకు, మళ్ళీ ఫోన్ మీదకు తిరుగుతుంటాయి. తల్లి అవతల ఏమంటోందో మనకు వినపడదు, వినాల్సిన అవసరమూ కలగదు.

ముగింపు దగ్గర అభిప్రాయాలు చీలతాయి. గే, రోజ్లిన్ ట్రక్కులో బయల్దేరతారు. దారిలో ఆపి, కట్టేసి ఉంచిన కుక్కను ఆమె విప్పి తెస్తుంది. బిడ్డ గురించి మాట్లాడుకుంటారు. చీకట్లో దారెలా తెలుస్తుందని ఆమె అడిగితే, ఎదురుగా ఉన్న పెద్ద చుక్కను చూసుకుంటూ పోతే దానికిందే రోడ్డుందని అతనంటాడు. కొద్దిసేపటి క్రితం అంత గొడవపడ్డ ఇద్దరూ ఇంత తొందరగా కలవడం నమ్మశక్యంగా ఉండదు. బతుకుతెరువు సమస్య అలాగే ఉంది. గుర్రాలు పోయాయి, విమానం గ్వీడోది, ఇంకేం చేసి బతుకుతాడో గేకే తెలియదు. ఈ దృశ్యం నవంబర్ 4న హాలీవుడ్ స్టూడియోలో తీసిందే, అద్దం వెనక కదిలే చీకటి తెరమీద వేసిన బొమ్మ. జాగ్రత్తగా చూస్తే ట్రక్కు కుదుపు, వెనకనున్న దారి కుదుపు కలవవు. గేబుల్ మాత్రం చెయ్యి స్టీరింగ్ మీదుంచి, ఆ దారి నిజంగా అక్కడుందన్నట్టే ముందుకు చూస్తూ నడుపుతారు.